గడ్డి పోగేసే ఆడవాళ్లను ఎందుకు కోసేశారు?

సంపాదకుడికి,

మూడు వారాల కిందటి ఆదివారం సంచికలో పాత ఫ్రెంచి వర్ణచిత్రాల మీద వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు.

ఒక పాత ప్రార్థనా పుస్తకం క్యాలెండర్‌లోని జూన్ నెల బొమ్మ అని మీరు వేసింది సగం బొమ్మే. పారిస్ రాజభవనం, సాంత్ షపెల్ చర్చి శిఖరం ఉంచి కింది భాగం కోసేశారు. ఆ ఇద్దరు ఆడవాళ్లు ఉన్నది అక్కడే. కాళ్లకు చెప్పుల్లేవు, తలకు గుడ్డ, బట్ట పైకి దోపుకున్నారు. ఒకామె పళ్ల కర్రతో ఎండుగడ్డి లాగుతోంది, ఇంకొకామె పంగల కర్రతో కుప్ప వేస్తోంది. లింబూర్ సోదరులనే చిత్రకారులు 1416లో చనిపోయేలోపు బెరీ డ్యూక్ అనే ఫ్రెంచి ప్రభువు కోసం బొమ్మలు వేసిన ప్రార్థనా పుస్తకం అది. వేయించుకున్నది డ్యూకే అయినా, అందరికంటే ముందు నిలబెట్టింది ఈ ఇద్దరినే. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే స్పేస్ సరిపోలేదన్నారు. అదే పేజీలో చీరల షాపు ప్రకటనకు మాత్రం సగం పేజీ దొరికింది.

పైగా ఆనాటి సాహిత్యమంతా రాజులు, వీరుల గురించేనని ఆ వ్యాసంలో రాశారు! 1180 ప్రాంతంలో క్రెతియే ద త్రువా అనే ఫ్రెంచి కవి రాసిన ఈవేన్ కథలో 300 మంది ఆడపిల్లలు బందీలుగా పట్టు పని చేస్తుంటారు. ఎప్పటికీ పట్టు నేస్తూనే ఉంటాం, ఒంటి మీదకు మంచి బట్ట మాత్రం రాదని వాళ్ల నోటితోనే అనిపించాడు. పౌను విలువైన పనికి వాళ్లకు దక్కేది నాలుగు దెనియేలు. పౌను, దెనియే అప్పటి ఫ్రెంచి డబ్బు లెక్కలు, పౌనుకు 240 దెనియేలు. నేను నేతింటి పిల్లని. మా అమ్మ తెల్లవారుజామునే లేచి కండెలు చుట్టేది, కూలి లెక్కలో ఆమె పేరే ఉండేది కాదు. ఆ నాలుగు దెనియేల దగ్గర చదవడం ఆపి చాలాసేపు కూర్చుండిపోయాను.

13వ శతాబ్దపు ఒకాసేన్, నికొలెత్ ప్రేమకథలో అడవిలో ఏడుస్తూ కనిపించిన దొరబిడ్డను ఒక పాలేరు తిట్టిపోస్తాడు. వాడి బాధ రొజే అనే ఎద్దు తప్పిపోయిందని. మూడు రోజులుగా తిండి లేదు. ఎద్దు సొమ్ము కట్టలేదని ముసలి తల్లి కింద ఉన్న ఒక్క పరుపూ లాగేసుకుంటే ఆమె ఉత్త గడ్డి మీద పడుకుంది.

రైతును ఎగతాళి చేసిన కథలూ బోలెడున్నాయి, కాదనను. మనం సినిమాల్లో విలన్ అనే మాట పుట్టిందే పల్లెటూరి రైతును పిలిచే పేరులోంచి. ఇలాంటివి చెప్పాల్సిన చోట కోటల ఫొటోలు వేసి సరిపెట్టేశారు.

స్కూలు పుస్తకాల్లో రాజుల జాబితాలు, మా ఊరి లైబ్రరీలో చిత్రకళ మీద ఒక్క పుస్తకం లేదు. పిల్లలకు ఇలాంటి బొమ్మలు చూపించాలంటే పేపరే దిక్కు. అందులోనూ బొమ్మ కింద ఎవరు వేశారో, ఎక్కడుందో రాయడం మానేశారు. అడిగేవాళ్లు లేరనా?

ఆ బొమ్మ పూర్తిగా మళ్లీ వేయండి. ఫ్రాన్స్‌లో షాంటియీ ఊళ్లోని కొందే మ్యూజియంలో ఉందని కింద రాయండి.

– ఒక పాఠకురాలు, చీరాల