పాత కాఫీ హోటళ్లను నిలబెట్టినవారికి పురస్కారం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారాలు.

పాత పబ్బులను చెడగొట్టకుండా బాగుచేసినవారికి బ్రిటన్‌లో ఏటా పురస్కారాలు ఇస్తారు. ఆ పద్ధతిని మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని పాత కాఫీ హోటళ్లకు, భోజనశాలలకు, సత్రాలకు అన్వయించుకోవలసిన అవసరం గురించి ఈ లేఖ రాస్తున్నాను. పబ్బుల ప్రస్తావన చూసి పాఠకులు అపార్థం చేసుకోకుండా ముందే ఒక మాట మనవి చేస్తాను. దూబగుంట మహిళలు సారా దుకాణాల మీద తిరగబడగా, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా సాగిన ఉద్యమానికి పుట్టినిల్లు మా నెల్లూరు జిల్లా. ఆ తల్లుల పోరాటాన్ని కళ్లారా చూసినవాడిగా మద్యాన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఒక కట్టడాన్ని, అందులో రోజూ జరిగే వ్యాపారాన్ని విడదీయకుండా రెండింటినీ కలిపి అక్కడివారు ఎలా కాపాడుకుంటున్నారన్నదే ఇక్కడ విషయం.

1971లో ఏర్పడిన 'క్యామ్రా' అనే అక్కడి బీరు వినియోగదారుల సంస్థ 1983 నుంచి పబ్బుల రూపకల్పనకు పురస్కారాలు ఇస్తోంది. కొత్తగా కట్టినవి, ఉన్నవాటిని మెరుగుపరిచినవి, వేరే అవసరానికి కట్టిన భవనాన్ని పబ్బుగా మలచినవి, చారిత్రక కట్టడాన్ని ఉన్నది ఉన్నట్టు పరిరక్షించినవి అంటూ ఇందులో విభాగాలున్నాయి. ఇంగ్లండులో ప్రభుత్వ పక్షాన వారసత్వ కట్టడాల బాధ్యత చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ కూడా ఈ పురస్కారాలకు చేయూతనిస్తుంది. ఒక విభాగంలో తగిన కట్టడం కనబడని ఏడాది ఆ బహుమతిని ఎవరికీ ఇవ్వకుండా వదిలేస్తారు. ఈ నియమం నాకు మిక్కిలి నచ్చింది, ఎందుకంటే ఎవరో ఒకరికి ఇచ్చి తీరాలన్న ఒత్తిడి లేనప్పుడే ఆ బహుమతికి విలువ ఉంటుంది. పురస్కారాలతో పాటు అదే సంస్థ పబ్బుల లోపలి భాగాలకు ప్రత్యేకంగా ఒక జాబితా తయారుచేసి, పాత అమరిక ఎంతవరకు మిగిలి ఉందో చూసి ఒకటి నుంచి మూడు దాకా నక్షత్రాలు ఇస్తోంది. వీధి వైపు గోడను మాత్రం ఉంచి లోపలంతా ఊడబెరికితే కట్టడం మిగిలినట్టు కాదని వారు గ్రహించారు.

లివర్‌పూల్‌లోని ఫిల్‌హార్మానిక్ డైనింగ్ రూమ్స్ అన్న పబ్బును వాల్టర్ థామస్ అనే వాస్తుశిల్పి 19వ శతాబ్దం చివరలో ఒక బీరు తయారీ సంస్థ కోసం రూపొందించాడు. ఇనుప ద్వారాల మీది నగిషీ, రాగి రేకుల మీద ఉబ్బెత్తుగా తీర్చిన బొమ్మలు, కొయ్యపని, చివరకు గులాబీ రంగు పాలరాతి మూత్రశాల కూడా నేటికీ అలాగే ఉన్నాయి. 2020లో దాన్ని అక్కడి పరిరక్షిత కట్టడాల్లో అత్యున్నతమైన మొదటి శ్రేణిలో చేర్చారు. అది గొప్ప చర్చిలకు, రాజభవనాలకు ఇచ్చే స్థాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్రౌన్ లిక్కర్ సెలూన్ కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. ఎదురుగా ఉన్న యూరోపా హోటల్ మీద ఉత్తర ఐర్లాండ్ సాయుధ సంఘర్షణల కాలంలో మళ్లీ మళ్లీ బాంబుదాడులు జరగడం వల్ల దీని రంగుటద్దాల కిటికీలు కూడా దెబ్బతింటూ వచ్చాయి. 1978లో వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దాన్ని కొని, పలకల గోడలను, తలుపులు బిగించిన చిన్న చిన్న కొయ్య గదులను, గ్యాసు దీపాలను శ్రద్ధగా పునరుద్ధరించింది. అయితే దాన్ని ప్రదర్శనశాలగా మార్చలేదు. ఆస్తి ట్రస్టుది, వ్యాపారం వ్యాపారులది అన్న ఏర్పాటుతో అది నేటికీ నడుస్తోంది.

చట్టం పట్టుదలగా నిలబడితే ఏం జరుగుతుందో లండన్‌లోని కార్ల్‌టన్ టావెర్న్ చూపింది. 1920-21లో కట్టిన ఆ పబ్బును పరిరక్షిత జాబితాలో చేర్చే విషయం పరిశీలనలో ఉండగానే, 2015 ఏప్రిల్‌లో యజమానులు అనుమతి లేకుండా కూల్చివేశారు. స్థానికులు ఊరుకోలేదు. పాత రూపంలోనే తిరిగి కట్టాలని వెస్ట్‌మినిస్టర్ నగరపాలక సంస్థ ఆదేశించింది. యజమానులు అప్పీలుకు వెళ్లినా ఆ ఆదేశం నిలిచింది, 2021లో ఆ పబ్బు మళ్లీ తలుపులు తెరిచింది. కూల్చకముందే నిపుణులు దాని వివరాలను నమోదు చేసి ఉంచినందువల్లనే ఇది సాధ్యపడింది. ముందుగా రికార్డు లేకపోతే ఏ కోర్టు మాత్రం ఏ రూపంలో కట్టమని చెప్పగలదు?

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న ప్రాంతం మనది. చదువుకు, వైద్యానికి, వ్యాపారానికి మద్రాసు వెళ్లి వచ్చిన మనవాళ్లకు కాఫీ హోటల్ అలవాటు కూడా అటునుంచే వచ్చింది. నెల్లూరు పాతపేటల్లో, కావలి, కందుకూరు, ఒంగోలు బజార్లలో ఇంకా అక్కడక్కడ మిగిలిన ఆ హోటళ్లలో ఒకదానిలోకి అడుగుపెట్టి ఒక్కసారి తల పైకెత్తి చూడండి. టేకు దూలాలు, వాటి మీద అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చిన సన్నని ఇటుకలు, వాటిని పట్టి ఉంచిన సున్నం కనిపిస్తాయి. దాన్నే మద్రాసు టెర్రస్ అంటారు. కింద కడప బండల నేల, పాలరాయి పలక పరిచిన బల్లలు, గుమ్మం పక్కన ఎత్తుగా గల్లాపెట్టె, దాని వెనుక పటాలు, లోపలికి వెళితే వంటింటి పొగ పైకి పోవడానికి కప్పులో వదిలిన ఖాళీ. మే నెల మధ్యాహ్నం కూడా అక్కడ కూర్చోగలుగుతున్నామంటే ఆ ఎత్తయిన కప్పు, మందపాటి గోడలే కారణం.

సివిల్ ఇంజినీరుగా పనిచేసిన నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ కట్టడాలకు మరమ్మతు పేరిట జరుగుతున్న హాని. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. సముద్రపు గాలి, ఈశాన్య రుతుపవనాల వానలు రెండూ ఉన్న మన జిల్లాలకు అది తగిన గోడ. దాని మీద సిమెంటు పూసి, ఆపైన ప్లాస్టిక్ రంగు వేస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది, ఉప్పు పొంగుతుంది, ఇటుక పొడిగా రాలుతుంది. మా పేటలో ఒక హోటల్ యజమాని మంచి మనసుతోనే, కుర్రకారు వస్తారన్న ఆశతో, పాత కప్పు కింద ఫాల్స్ సీలింగ్ కట్టించి ఏసీ పెట్టించారు. పైన ఎక్కడ కురుస్తోందో కనబడకుండా పోయింది. గోడలో దిగిన దూలాల చివర్లు చీకి, చేత్తో నలిపితే రాలిపోయే స్థితికి వచ్చాక గానీ విషయం బయటపడలేదు. ఇక లాభం లేదని మొత్తం పడగొట్టించారు. ఆయన్ని నేను తప్పుపట్టను. సున్నం గానుగలో ఆడించి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి గచ్చు చేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారని, వారిని పిలిపించి ఉంటే ఖర్చు కొత్త కట్టడానికయ్యే దానికన్నా చాలా తక్కువే అయ్యేదని ఆయనకు చెప్పేవారే లేకపోయారు.

కోటలకు, గుళ్లకు పురావస్తు శాఖ ఉంది. ఉదయగిరి దుర్గం గురించి ఎవరైనా మాట్లాడతారు. కానీ వ్యాపారం నడుస్తున్న ఒక ప్రైవేటు హోటల్ గురించి అడిగే శాఖ లేదు. మన తెలుగు నేలలోనే ఇందుకు మార్గం చూపినవారున్నారు. హైదరాబాదులో వారసత్వ పరిరక్షణకు కృషిచేసే ఇంటాక్ సంస్థ చక్కగా నిర్వహిస్తున్న పాత కట్టడాలకు పురస్కారాలు ఇస్తూ వచ్చింది. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు, గోల్కొండ మెట్లబావులకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాలు దక్కాయి. అదే ఏడాది ముంబయిలో నిత్యం రైళ్లు ఆగే బైకల్లా స్టేషను కూడా ఆ గౌరవం అందుకుంది. రోజువారీ రద్దీని ఆపకుండానే పునరుద్ధరణ చేయవచ్చనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

అందువల్ల మీ పత్రిక ద్వారా నేను కోరేది ఇది. మీ జిల్లా అనుబంధంలో వారానికొక పాత కాఫీ హోటల్‌నో సత్రాన్నో లోపలి ఛాయాచిత్రాలతో సహా పరిచయం చేయండి. ఏడాది చివర, పాత కట్టడాన్ని పాడుచేయకుండా బాగుచేసి వ్యాపారం కొనసాగిస్తున్న యజమానికి, ఆ పని చేసిన మేస్త్రీకి కలిపి ఒక పురస్కారం ఇవ్వండి. తగినవారు లేని ఏడాది ఇవ్వకండి. మేస్త్రీ పేరు మాత్రం మరవవద్దని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను, యజమాని పేరు బోర్డు మీద ఎలాగూ ఉంటుంది. నెల్లూరు, ఒంగోలు నగరపాలక సంస్థలు కూడా ఇటువంటి కట్టడాలకు కూల్చివేత అనుమతి ఇచ్చేముందు లోపలి కొలతలు, ఛాయాచిత్రాలు నమోదు చేయించాలని, నిలబెట్టుకున్నవారికి ఆస్తి పన్నులో కొంత రాయితీ ఇచ్చే విషయం పరిశీలించాలని విజ్ఞప్తి చేస్తున్నాను. ఆ కొలతలు తీసి పటాలు గీసి ఇవ్వడానికి నేను, నాతో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మరికొందరు ఇంజినీర్లు ఎటువంటి పారితోషికం లేకుండా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
మూలాపేట, నెల్లూరు