పాస్‌వర్డ్ తప్పు కాదు, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేశారు

మేనేజర్ గారికి,
కస్టమర్ సర్వీస్, డేటా రికవరీ విభాగం,
హైదరాబాద్.

విషయం: మీ హనుమకొండ శాఖలో ఇచ్చిన టెయిల్స్ పెన్‌డ్రైవ్ గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను హనుమకొండ కోర్టులో వకీలును. ఎక్కువగా గృహహింస కేసులు చూస్తాను. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు నాకు చెప్పుకున్న మాటల రికార్డింగులు, వాళ్లిప్పుడు తలదాచుకుంటున్న చోట్ల అడ్రసులు, నా నోట్సు ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. అవి ఎవరి కంటా పడకూడదనే టెయిల్స్ వాడుతున్నాను. అది విండోస్ లాంటి ఒక ఆపరేటింగ్ సిస్టమ్, లైనక్స్ రకం. కంప్యూటర్ హార్డ్ డిస్క్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. ఆపేశాక ఆ కంప్యూటర్‌లో ఆనవాలు మిగలదు. దాచుకున్న ఫైళ్లు మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లో, రెండో పార్టిషన్‌లో, అంటే విడిగా కేటాయించిన భాగంలో, లక్స్ అనే లైనక్స్ ఎన్‌క్రిప్షన్ తాళంతో ఉంటాయి.

గత నెల అది బూట్ కావడం మానేసింది. లైనక్స్ తెలిసిన మా తమ్ముడు తన ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశాడు. రెండో పార్టిషన్ పాస్‌వర్డ్ అడిగింది. నేను కొట్టాను, తెరుచుకుంది. ఫోల్డర్ల పేర్లన్నీ కనిపించాయి. కాపీ చేయబోతే మధ్యలో రీడ్ ఎర్రర్లు వచ్చాయి. చిప్ పాడవుతున్నట్టుంది, ఇంకా కెలికితే ఉన్నది కూడా పోతుందని వెంటనే తీసేశాడు. అప్పుడే మీ దగ్గరికి తెచ్చాను. మీ జాబ్ కార్డు మీద నా చేత్తో రాశాను: ఇది లక్స్ పార్టిషన్, విండోస్ కంప్యూటర్‌కు పెట్టవద్దు, ముందు మొత్తం కాపీ తీయండి, పాస్‌వర్డ్ నేనే వచ్చి కొడతాను. మీ ఉద్యోగి అది చదివి కింద సంతకం పెట్టారు.

మీ రిపోర్టులో ఉన్నది ఒక్కటే మాట: కస్టమర్ ఇచ్చిన పాస్‌వర్డ్ తప్పు కాబట్టి డేటా రాలేదు. నేను మీకు పాస్‌వర్డే ఇవ్వలేదు. కొట్టడానికి నన్ను ఎవరూ పిలవనూ లేదు. మరి తప్పయిన పాస్‌వర్డ్ ఏది?

తిరిగి వచ్చిన పెన్‌డ్రైవ్‌లో రెండో పార్టిషన్ ఉండాల్సిన చోట ఏమీ లేని కొత్త విండోస్ డ్రైవ్ ఉంది. లక్స్ పార్టిషన్‌ను విండోస్ గుర్తుపట్టదు, ఫార్మాట్ చేయమని అడుగుతుంది. మీ దగ్గర ఎవరో సరే అన్నారు. పాస్‌వర్డ్ ఫైళ్లను నేరుగా తెరవదు. పార్టిషన్ మొదట్లో ఉండే హెడర్‌లో అసలు తాళంచెవి ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, పాస్‌వర్డ్ విప్పేది దాన్ని. లక్స్ రెండో వెర్షన్‌లో ఆ హెడర్ మామూలుగా 16 ఎంబీ. ఫార్మాట్ కొట్టినప్పుడు కొత్త ఫైల్ సిస్టమ్ రాసుకునేది సరిగ్గా ఆ చోటే. తాళంచెవి దాచిన భాగం పోయాక, మిగతా డేటా చిప్‌లో అలాగే ఉన్నా, సరైన పాస్‌వర్డ్‌కు కూడా అది తెరుచుకోదు. డేటా రికవరీయే వ్యాపారంగా పెట్టుకున్న సంస్థకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మలేను.

ఫార్మాట్‌కు ముందు మీరు పాడవుతున్న డిస్క్ నుంచి చదవగలిగినంత కాపీ తీసే డీడీరెస్క్యూ లాంటి టూల్‌తో కాపీ తీసి ఉంటే ఇంకా దారి ఉంది. అందులో హెడర్ చెక్కుచెదరకుండా ఉంటే, చదవగలిగిన ఫైళ్లు నా పాస్‌వర్డ్‌తో బయటికి వస్తాయి. కాబట్టి ఆ కాపీని దయచేసి చెరపకండి. కొరియర్‌లో, ఆన్‌లైన్‌లో పంపకండి. హార్డ్ డిస్క్ తీసుకుని నేనే ల్యాబ్‌కు వస్తాను. నాకు ఇచ్చాక నా ముందే మీ దగ్గరున్నది తుడిచేసి, తుడిచేశామని రాసివ్వండి. కాపీ తీయకపోతే, ఆ పెన్‌డ్రైవ్‌ను ఎప్పుడు, ఏ కంప్యూటర్‌లో, ఎవరు ఫార్మాట్ చేశారో ఉన్నదున్నట్టు లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. పాస్‌వర్డ్ తప్పన్న రిపోర్టు రద్దు చేసి, కట్టిన ఫీజు మొత్తం వాపసు ఇవ్వండి.

ఇది ఫీజు కోసం చేస్తున్న గొడవ కాదు. ఆ రికార్డింగులు దొరక్కపోతే, ఒక్కసారి చెప్పడానికే వణికిపోయిన వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడగాలి. అది నాకు చాలా కష్టంగా ఉంది.

సేవకు సంబంధించిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం సేవా లోపమే. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే సెక్షన్ 35 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. కాపీ ఉందా లేదా అన్నది మాత్రం ఈ లేఖ అందిన రోజే ఫోన్ చేసి చెప్పండి.

ఇట్లు,
మీ కస్టమర్,
హనుమకొండ.

జత: జాబ్ కార్డు, ఫీజు రసీదు, మీ రిపోర్టు జిరాక్స్ కాపీలు.