ఆ మత్తు సూది గురించి

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్లో "అమ్మా నాకు సిజేరియన్ అంటే భయం లేదు, వెన్నులో సూది అంటేనే భయం, అది పొరపాటున వెన్నుపాములో దిగితే కాళ్ళు పడిపోవా" అన్నావు చూడు, పక్కన నాన్న, అటుపక్క అల్లుడు, సరిగ్గా చెప్పలేకపోయా. పైగా తప్పు నాదే. చిన్నప్పట్నుంచి నువ్వు విన్నది నా నోటి నుంచే కదా, బిందె ఎత్తినా ఇల్లు తుడిచినా "నిన్ను కన్నప్పుడు ఇచ్చిన సూది వల్లే ఈ నడుం నొప్పి" అని. 26 ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసిన దాన్ని, తెలిసీ అన్నా. అందరూ అంటారు, నేనూ అనేశా.

సరే, పైనుంచి వద్దాం. ఆదివారం నాన్న తలకాయ తెస్తే నేను భేజా కడుగుతుంటే ముక్కు మూసుకుని మరీ చూసేదానివి, గుర్తుందా? ఎర్రటి నరాలతో ఒక పల్చటి పొర, గోటితో పట్టుకుంటే జర్రున ఊడొచ్చేది. మనకీ అంతే, మొత్తం మూడు పొరలు. పుర్రెకి ఆనుకుని తోలులా గట్టిగా ఉండేది డ్యూరా, మధ్యలోది సాలెగూడు లాంటిది, అన్నిటికన్నా లోపలిది మెదడు ముడతల్లోకంతా దిగి అతుక్కుని ఉంటుంది. ఆ లోపలి రెండిటి మధ్య నీళ్ళుంటాయి, సీఎస్ఎఫ్ అంటాం. ఎప్పుడు చూసినా ఉండేది 150 మిల్లీలీటర్లే, కానీ రోజుకి 500 దాకా తయారవుతుంది, పాతది రక్తంలో కలిసిపోతుంటుంది. 1300, 1400 గ్రాముల మెదడు ఆ నీళ్ళలో తేలుతూ ఉంటుంది కాబట్టి దాని బరువు 50 గ్రాముల పాటి కూడా తెలీదట, నాకు ఇప్పటికీ వింతే.

పెద్దమెదడు, దాని వెనక కింద చిన్నమెదడు, వాటి కింద కాడలాగా బ్రెయిన్ స్టెమ్, ఊపిరి ఆడించేది అదే. కాళ్ళూ చేతులూ కదిలించే నరాల్లో ఎక్కువ భాగం ఆ కాడ అడుగున అటువి ఇటు, ఇటువి అటు దాటతాయి. తాతయ్యకి పక్షవాతం వస్తే కుడిచెయ్యీ మాటా రెండూ పోయి, స్కాన్లో మాత్రం ఎడమవైపు దెబ్బ ఉందని రాస్తే, "స్కాన్ ఎవరిదో మారిపోయింది" అని మీ మావయ్య గొడవపడ్డాడు చూడు, సంగతి అదీ.

ఆ కాడ పుర్రె కింద రంధ్రంలోంచి బయటికొస్తే అదే వెన్నుపాము. లావు మన చిటికెన వేలంత కూడా ఉండదు, ఆడవాళ్ళకి పొడవు 42, 43 సెంటీమీటర్లు. ఇక్కడే నువ్వు జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే అందరూ అది కింద దాకా ఉంటుందనుకుంటారు, ఉండదు. నడుం దగ్గర మొదటి పూస, రెండో పూస మధ్యలోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి నరాలు కుచ్చులాగా వేలాడుతూ నీళ్ళలో ఉంటాయి, గుర్రం తోక అనే పేరు. సూది వేసేది నడుం మూడో పూసకీ నాలుగో పూసకీ మధ్య, అంటే పాము అయిపోయాక. పాయసంలో సేమ్యాని పుల్లతో పొడిచి చూడు, పక్కకి జరుగుతుంది, ఆ నరాలూ అంతే.

చిత్రం ఏంటంటే మొదట్లో వెన్నుపాము కింద దాకా ఉంటుంది, కడుపులో మూడో నెలకి ఎముక పొడవూ దాని పొడవూ ఒకటే. తర్వాత ఎముక తొందరగా పెరుగుతుంది, పాము వెనకపడుతుంది. నీ బుడ్డోడిదో బుడ్డదానిదో, పుట్టేసరికి పాము కొస నడుం మూడో పూస దగ్గరుంటుంది. అసలు మెదడూ వెన్నుపామూ తయారయ్యేది ఒక గొట్టం నుంచి, అది మూసుకునేది కడుపు నిలిచిన 28 రోజుల్లోపే, చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు అప్పటికి, అది సరిగ్గా మూసుకోవాలనే పెళ్ళైన కొత్తలోనే ఫోలిక్ యాసిడ్ వేసుకోమని నీ ప్రాణం తీశా.

థియేటర్లో నిన్ను కూర్చోబెట్టి నర్సు భుజాలు పట్టుకుని "రొయ్యలా వంగమ్మా, గడ్డం గుండెకి ఆనించు, కదలకు" అంటుంది. నేను ఎన్ని వందల మందిని పట్టుకున్నానో. అలా వంగితే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది. మత్తు డాక్టరు నీ తుంటి ఎముకల పైఅంచులు రెండూ తడిమి వాటి మధ్య గీత ఊహించుకుంటారు, అది సుమారుగా నాలుగో పూస మీదికొస్తుంది. సూది డ్యూరా దాటగానే చేతికి టప్ మని తెలుస్తుంది, లోపలి పుల్ల తీస్తే తేట నీటి చుక్క వస్తుంది, ఆ చుక్క కనపడ్డాకే మందు, రెండు మిల్లీలీటర్లు అటూ ఇటూ. ముందు అరికాళ్ళు వెచ్చబడతాయి, తర్వాత కాళ్ళు నీవి కానట్టుంటాయి, లాగినట్టు తెలుస్తుంది గానీ నొప్పి మెదడుకి చేరదు. బీపీ తగ్గి వికారం రావచ్చు, వెంటనే చెప్పు, ఓర్చుకోకు.

తలనొప్పి మాత్రం నిజమే, కొందరికి వస్తుంది, సూది పడిన చోట నీళ్ళు కారితే. 1898లో జర్మనీలో ఆగస్ట్ బీర్ అనే డాక్టరు ఈ వెన్ను మత్తుని మొదలుపెట్టి, తనకీ అసిస్టెంటుకీ ప్రయోగం చేసుకున్నాడు. సిరంజి సూదికి సరిపోక బీర్‌కి నీళ్ళు చాలా కారిపోయాయి, అసిస్టెంటుకి మత్తెక్కాక మోకాలి కింద ఎముక మీద సుత్తితో కూడా కొట్టి చూశాడు, తర్వాత ఇద్దరూ వైన్ తాగి పండగ చేసుకున్నారు, బీర్ తొమ్మిది రోజులు మంచం దిగలేదు. ఇప్పటి సూదులు చాలా సన్నం. లేచి కూర్చుంటే తల పగిలి, పడుకుంటే తగ్గితే డాక్టరుకి చెప్పు, దానికి వైద్యం ఉంది.

సూది చోట రెండు మూడు రోజులు సలుపుతుంది. ఏళ్ళ తరబడి నడుం నొప్పికి మాత్రం సూది కారణం కాదు, తొమ్మిది నెలల బరువు, వదులైన కీళ్ళు, ఆ తర్వాత వంగి వంగి పాలివ్వడం. నావి బిందెలు కూడా.

మీ అత్తయ్యగారికి కూడా చదివి వినిపించు, ఆవిడా అదే అంటున్నారట. 18న శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా, పూతరేకులు, కొత్త ఆవకాయ తెస్తున్నా. కింద బెర్త్ దొరకలేదు, నడుం పట్టేసిన మొహంతో దిగితే సూది మాట ఎత్తకు.

అమ్మ