జెర్మాట్: ముందే కొనాల్సినవి, ఆగి కొనాల్సినవి

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో స్విట్జర్లాండ్ మంచు ఊళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. జెర్మాట్ లాంటి చోటుకు మధ్యతరగతి కుటుంబాలు టూర్ బస్సులో ఓ పూట వెళ్లి చూసి రావడమే గానీ సొంతంగా నాలుగు రోజులు ఉండడం అయ్యే పని కాదన్నట్టు అందులో రాశారు. ఊరు ఖరీదైనదే, కాదనలేం. కానీ ఖర్చు చేయి దాటిపోయేది ఎక్కువగా వేరే కారణం వల్ల. ఏది నెలల ముందే కొనాలో, ఏది ఆ రోజు పొద్దున దాకా కొనకూడదో తెలియక చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు. కొండ మీదికి వెళ్లే టికెట్టు ముందే కొనేస్తారు, పడక చివర్లో వెతుక్కుంటారు.

మొదట తేదీలు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం మొదటి వారం దాకా, ఫిబ్రవరిలో యూరప్ బడి సెలవులు, ఈస్టర్ వారం: ఈ మూడూ వదిలేయాలి. జనవరి రెండో వారం నుంచి నెలాఖరు దాకా మంచు బాగుంటుంది, గదులు కాస్త అందుబాటులోకి వస్తాయి. చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. మే నెలలోనూ నవంబరులోనూ గదులు చౌకగా కనిపిస్తాయి, ఆశపడకండి. సీజన్ల మధ్య చాలా హోటళ్లు, కొన్ని కేబుల్ కార్లు మూతపడి ఉంటాయి.

తేదీ ఖాయమైన వెంటనే కొనాల్సింది పడక. ఊళ్లో యూత్ హాస్టల్ ఉంది. పొద్దుటి ఫలహారం, దుప్పట్లు అద్దెలోనే కలిసి వస్తాయి. సభ్యత్వం లేనివాళ్లు రాత్రికి కొంత అదనంగా కట్టాలి. నలుగురైదుగురు ఉంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు. అయితే చలికాలంలో చాలా అపార్ట్‌మెంట్లు శనివారం నుంచి శనివారం దాకా మాత్రమే ఇస్తారు. కనిపించిన అద్దెకు చివర్లో శుభ్రం చేసే రుసుము, తలకింత చొప్పున రాత్రికి ఊరి పన్ను, కొన్నిచోట్ల దుప్పట్ల అద్దె కలుస్తాయి. ఇవన్నీ కూడాకే రెండు గదుల్ని పోల్చి చూడాలి.

కింద టేష్ అనే ఊళ్లో ఉంటే చవక అని చాలామంది చెబుతారు. జెర్మాట్‌లోకి పెట్రోలు, డీజిలు కార్లను రానివ్వరు. కార్లలో వచ్చినవాళ్లు అయిదు కిలోమీటర్ల కింద టేష్‌లో ఆపి పన్నెండు నిమిషాల షటిల్ రైలెక్కుతారు. అక్కడ గది చౌకే, కానీ రోజూ రానూపోనూ రైలు టికెట్టు మనిషికి ఎంతవుతుందో లెక్క వేసుకోండి. నలుగురు నాలుగు రోజులు తిరిగితే మిగిలిందనుకున్నది రైలు మింగేస్తుంది. ఒకరిద్దరైతేనే, అదీ రోజుకు ఒక్కసారే పైకి వెళ్లి వచ్చేటట్టయితేనే టేష్ గిట్టుబాటు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది రైలు పాసు దగ్గర. స్విస్ ట్రావెల్ పాస్ మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది, పదిహేను వరుస రోజులకు ఇస్తారు. అది జెర్మాట్ స్టేషన్ దాకా పూర్తిగా చెల్లుతుంది. అక్కడి నుంచి గోర్నర్‌గ్రాట్ కొండ రైలుకు మాత్రం సగం రాయితీయే. పాసు ఉంది కదా, పైకీ ఉచితమేనని వచ్చి టికెట్ కిటికీ దగ్గర కంగుతినేవాళ్లు కోకొల్లలు. పైగా ఒకే ఊళ్లో నాలుగు రోజులు ఉండేవాళ్లకు, రైలెక్కని ప్రతి రోజూ పాసులో ఒక రోజు ఖర్చయిపోతూనే ఉంటుంది. అలాంటివాళ్లు పర్యాటకులకిచ్చే హాఫ్ ఫేర్ కార్డు తీసుకోవాలి. ఇది నెల రోజులు పనిచేస్తుంది. రైళ్లు, బస్సులు, పడవలతో పాటు చాలా కొండ రైళ్లకూ టికెట్టును సగం దాకా తగ్గిస్తుంది. రోజుకో ఊరు మార్చేవాళ్లకు పాసు, ఒక్కచోట కుదురుగా ఉండేవాళ్లకు కార్డు. పిల్లలుంటే ఫ్యామిలీ కార్డు కూడా అడగండి, దానికి డబ్బు తీసుకోరు. అది ఉంటే పదహారేళ్ల లోపు పిల్లలు అమ్మానాన్నలతో ఉచితంగా ప్రయాణించవచ్చు.

జ్యూరిక్ విమానాశ్రయం నుంచి జెర్మాట్‌కు దాదాపు మూడున్నర గంటలు. విస్ప్‌లో రైలు మారాలి. సూపర్‌సేవర్ టికెట్లు బాగా చవక, కానీ ఒక్క నిర్దిష్ట రైలుకే కట్టుబడి ఉంటాయి. విమానం ఆలస్యమైతే ఆ డబ్బు పోయినట్టే. కాబట్టి దిగిన రోజుకు అది కొనవద్దు. ఆ రోజుకు సేవర్ డే పాస్ సరైనది. ఎంత ముందు కొంటే అంత తక్కువకు వస్తుంది, రోజంతా ఏ రైలైనా ఎక్కవచ్చు. తిరుగు ప్రయాణంలో సమయం మన చేతిలో ఉంటుంది కాబట్టి సూపర్‌సేవర్ అప్పుడు వాడుకోండి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అనే పర్యాటకుల రైలు గురించి మీ వ్యాసంలో గొప్పగా రాశారు. దానికి టికెట్టుతో పాటు సీటు రిజర్వేషన్ రుసుము తప్పనిసరి. అవే పట్టాల మీద మామూలు ప్రాంతీయ రైళ్లు తిరుగుతాయి. వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు, మధ్యలో రైళ్లు మారాల్సి వచ్చినా కనిపించే కొండలు అవే.

ఇక ఆగి కొనాల్సింది కొండ టికెట్టు. గోర్నర్‌గ్రాట్ రైలు 1898 నుంచి నడుస్తోంది. 33 నిమిషాల్లో 3,089 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. ఎదురుగా 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం ఉంటుంది, మబ్బు లేకపోతే. మబ్బుంటే కనిపించేది తెల్లటి గోడ, టికెట్టు ధర మాత్రం అంతే. అందుకే ఊళ్లో కనీసం మూడు రాత్రులు ఉండండి. రోజూ పొద్దున లేవగానే కొండ మీది వెబ్‌క్యామ్ చూడండి. ఆకాశం విచ్చుకున్న రోజే స్టేషన్‌కు వెళ్లి టికెట్టు కొనండి. సగం పూట ఆగిపోయే టూర్ బస్సు వాళ్లకు లేని వెసులుబాటు ఇదే. మూడు నాలుగు కొండలకు కాకుండా ఒక్కదానికే వెళ్లండి. మిగిలిన డబ్బుతో అదే రైలు దారిలోని రోటెన్‌బోడెన్ స్టేషన్‌లో స్లెడ్జి అద్దెకు తీసుకుని రిఫెల్‌బెర్గ్ దాకా జారుకుంటూ రావచ్చు. స్కీయింగ్ రానివాళ్లకు ఇంతకు మించిన సరదా అక్కడ లేదు.

స్కీయింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు మొత్తం ప్రాంతానికి పాసు కొనకూడదు. ఇటలీ వైపు చెర్వీనియా దాకా చెల్లే పాసు అసలే వద్దు. మొదటి రెండు రోజులు ఊరి పైనున్న సున్నెగా దగ్గరి పిల్లల వాలు దాటి వెళ్లరు. అక్కడికి మాత్రమే పనికొచ్చే టికెట్టు ఏదుందని కౌంటరులో అడగండి. బృంద తరగతులు సాధారణంగా ఆదివారం గానీ సోమవారం గానీ మొదలవుతాయి. బుధవారం దిగినవాళ్లకు వాటిలో చోటు దొరకడం కష్టం, విడిగా శిక్షకుణ్ణి పెట్టుకుంటే ఎన్నో రెట్లు అవుతుంది.

సామాను అద్దెకే తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో ముందే చెబితే కౌంటరు ధర కంటే తగ్గుతుంది. చాలా షాపులు మర్నాటి సామాను ముందురోజు సాయంత్రమే ఇస్తాయి, దానికి అద్దె వేయరు. స్కీ పొడవు కొత్తవాళ్లకు గడ్డానికీ ముక్కుకూ మధ్య ఉండాలి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచును తాకాలి, మోకాళ్లు వంచితే కొద్దిగా వెనక్కి రావాలి. చలని రెండు జతల సాక్సులు వేసుకోవద్దు. కాలు బిగుసుకుని రక్తప్రసరణ తగ్గి ఇంకా చల్లబడుతుంది. పలుచటి పొడుగు సాక్సు ఒక్కటి చాలు. బరువు, ఎత్తు, వయసు షాపులో నిజం చెప్పండి. పడినప్పుడు స్కీ ఊడిపోయేలా, బూటును పట్టి ఉంచే క్లిప్పును వాటిని బట్టే బిగిస్తారు. బరువు తక్కువ చెబితే ఊరికే ఊడుతుంది, ఎక్కువ చెబితే ఊడాల్సినప్పుడు ఊడక మోకాలు మెలిపడుతుంది. జీన్స్‌తో దిగితే తడిసి గడ్డకడుతుంది, మంచు ప్యాంటు కూడా అద్దెకు అడగండి. స్విట్జర్లాండ్‌లో నీలం గుర్తు వాలు తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. అక్కడ కొంటే భారం, ఇంటి నుంచే తీసుకెళ్లండి.

వీసాకు చూపే బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. అది వీసాకు సరిపోతుంది గానీ చాలా పాలసీల్లో స్కీయింగ్ గాయాలను మినహాయిస్తారు. కొండ వాలు మీంచి దించినందుకు అక్కడ బిల్లు వేస్తారు, హెలికాప్టర్ వస్తే ఆ బిల్లు యాత్ర ఖర్చునే దాటవచ్చు. శీతాకాల క్రీడలు, కొండ మీది రక్షణ రెండూ పాలసీలో రాసి ఉన్నాయేమో చూడండి, లేకపోతే కలిపించుకోండి. ఈ ఒక్క చోట పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. జెర్మాట్ ఉండే వాలే రాష్ట్రంలో అత్యవసర నంబరు 144. వీసా విషయంలోనే మరొకటి: సొంత ఖర్చుతో వచ్చేవాళ్లు రోజుకు సుమారు 100 ఫ్రాంకులు, గుర్తింపు కార్డు ఉన్న విద్యార్థులు సుమారు 30 ఫ్రాంకులు తమ దగ్గర ఉన్నట్టు చూపాలని అక్కడి అధికారులు అడుగుతారు.

తిండి సంగతి. స్టేషన్ ఎదురుగానే కోప్ సూపర్‌మార్కెట్ ఉంది, మిగ్రోస్ కూడా ఊళ్లోనే. కోప్‌లో ప్రి గారంటీ, మిగ్రోస్‌లో ఎమ్-బడ్జెట్ అని రాసి ఉన్నవి అన్నిటికంటే చవక. మూసే వేళకు ముందు పాడయ్యే సరుకుల మీద పావు వంతు, సగం తగ్గింపు చీటీలు అంటిస్తారు. కుళాయి నీళ్లు తాగవచ్చు, సీసా కొననక్కర్లేదు. వీధి ఊటల మీద ‘కైన్ ట్రింక్‌వాసర్’ (తాగే నీళ్లు కావు) అని రాసి ఉంటే మాత్రం తాగకండి. జెర్మాట్ ఉండే 1,600 మీటర్ల ఎత్తులో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకడం లేదని స్టవ్‌ను తిట్టుకోకుండా ముందురాత్రే నానబెట్టండి, లేదా ఎర్ర కందిపప్పు లాంటి తేలికగా ఉడికేది కొనండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషేధం. నెయ్యి డబ్బా సంచిలో పెట్టవద్దు. ప్లగ్గు కూడా గమనించండి: లావు పిన్నుల యూరప్ అడాప్టరు స్విస్ సాకెట్‌లో దూరదు, సన్న పిన్నులదే కావాలి.

కార్డు మిషన్ ఫ్రాంకులా, రూపాయలా అని అడిగితే ఫ్రాంకులే నొక్కండి. రూపాయలంటే మారకం రేటు మిషన్ వాడిది. హోటల్ బిల్లులో సేవా రుసుము కలిసే ఉంటుంది, విడిగా టిప్పు ఇవ్వాలన్న నియమం లేదు.

డబ్బు లేకుండా చూడదగ్గవి తక్కువేం కాదు. చర్చి దగ్గరి వంతెన మీంచి మాటర్‌హార్న్ నేరుగా కనిపిస్తుంది. హింటర్‌డోర్ఫ్ వీధిలో ఎలుకలు ఎక్కకుండా గుండ్రటి రాతి పలకల మీద నిలబెట్టిన పాత ధాన్యపు కొట్లున్నాయి. గులాబీ రంగు గుర్తులున్న శీతాకాల కాలిబాటలకు టికెట్టు లేదు. బూట్ల కింద తొడిగే మేకుల రబ్బరు పట్టీలు మాత్రం ఉండాలి, వీధులు గాజులా జారతాయి. ఎలక్ట్రిక్ టాక్సీలు చప్పుడు లేకుండా వెనక నుంచి వస్తాయి, పిల్లల చేయి వదలవద్దు.

మీ పర్యాటక పేజీకి ఒక విన్నపం. ఇలాంటి ఊళ్ల గురించి రాసినప్పుడు ధరలు ఏ నెలవో, కొండ టికెట్టు అందులో కలిసిందో లేదో, రైలు పాసు ఏ స్టేషన్ దాకా చెల్లుతుందో పక్కన చిన్న పట్టికగా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు