స్క్రోల్ సా వాళ్ళని పద్ధతుల వారీగా కూర్చోబెట్టండి

సంపాదకులకి నమస్కారం.

మీ హాబీల పేజీలో చెక్కపని గురించి వచ్చినప్పుడల్లా చివర్లో ఒక మాట ఉంటుంది, ఆసక్తి ఉన్నవాళ్ళు ఆన్‌లైన్ గ్రూపుల్లో చేరితే సులువుగా నేర్చుకోవచ్చు అని. చేరడం సులువేనండి, నేర్చుకోవడం దగ్గరే వస్తోంది తంటా. స్క్రోల్ సా గ్రూపు ఏదైనా తీసుకోండి, ఒకరు బ్రహ్మాండమైన నెమలి ఫొటో పెడతారు, కింద వరసగా సూపర్లు, చప్పట్లు, మధ్యలో ఎవరో పాపం ఏ నంబరు బ్లేడు వాడారండీ అని అడుగుతారు, ఈలోగా ఇంకో నెమలి వచ్చేస్తుంది, ఆ ప్రశ్న పైకి వెళ్ళిపోతుంది, అంతే సంగతులు. మర్నాడు అదే ప్రశ్న ఇంకొకరు అడుగుతారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్క్రోల్ సా అంటే 5 అంగుళాల సన్నటి బ్లేడు నిలువుగా బిగించి ఉండే చిన్న మెషీను, బ్లేడు పైకీ కిందకీ ఆడుతుంటే మనం చెక్కని తిప్పుకుంటూ కోస్తాం. దీని గొప్పంతా ఎక్కడుందంటే, చెక్కకి చిన్న చిల్లు పెట్టి, బ్లేడు ఒక కొస విప్పి ఆ చిల్లులోంచి దూర్చి మళ్ళీ బిగిస్తే, అంచు ఎక్కడా తెగకుండా లోపల లోపలే ఎంత సన్నటి డిజైనైనా కోసేయొచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ గ్రూపులు నడిపేవాళ్ళు జనాన్ని కొత్తవాళ్ళు, పాతవాళ్ళు అని విడదీస్తున్నారు, లేకపోతే బొమ్మలు, గడియారాలు, నేమ్ బోర్డులు అని చేసే వస్తువుని బట్టి విడదీస్తున్నారు, అలా కాకుండా కోసే పద్ధతిని బట్టి విడదీయాలి. ఎందుకంటే ఈ మెషీను మీద ఒక పద్ధతిలో పనికొచ్చే సలహా ఇంకో పద్ధతిలో పని చెడగొడుతుంది.

ఇంటార్సియా చేసేవాళ్ళని చూడండి. వాళ్ళు రకరకాల చెక్కల సహజమైన రంగుల్నే వాడుకుని, ముక్కలు విడివిడిగా కోసి, అంచులు గుండ్రంగా రుద్ది, ఒకదాని పక్కన ఒకటి అమర్చి అతికిస్తారు. వాళ్ళకి బ్లేడు టేబులుకి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండి తీరాలి, కొంచెం వాలిందంటే ముక్కకీ ముక్కకీ మధ్య సందు కనబడుతుంది. సెగ్మెంటేషన్ వాళ్ళ ఫలితం కూడా చూడ్డానికి ఇంచుమించు అలాగే ఉంటుంది, కానీ వాళ్ళు ఒకే పలకని ముక్కలుగా కోసి రంగులు వేసి మళ్ళీ కూరుస్తారు, ఒకే కోత కాబట్టి ముక్కలు వాటంతటవే కలుస్తాయి, ఆ డిగ్రీల గొడవ అంతగా ఉండదు. ఇప్పుడు వీళ్ళిద్దరినీ ఒకేచోట కూర్చోబెడితే ఒకాయన ప్రాణం పోయినా 90 డిగ్రీలు తప్పకూడదంటాడు, ఇంకొకాయన అబ్బే ఏం పర్లేదు అంటాడు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు, మధ్యలో కొత్తగా వచ్చినవాడు మెషీనే అమ్మేసుకుంటాడు.

ఇన్‌లే, అంటే ఒక చెక్కలో ఇంకో చెక్క ముక్కని పొదిగే పని, దాని దగ్గరికొస్తే ఇంకా తమాషా, అక్కడ కావాలనే టేబుల్ వాలుస్తారు. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి ఏటవాలుగా కోస్తే కింది పలక ముక్క పై పలక కన్నంలోకి వచ్చి బిగుసుకుంటుంది, బ్లేడు తినేసిన చెక్క జాగా కూడా పూడిపోతుంది. ఎంత వాల్చాలి అన్నదానికి గ్రూపుల్లో ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తారు, ఒకరు 3 అంటారు, ఒకరు 8 అంటారు, మందం మాత్రం ఎవరూ చెప్పరు. నిజానికి లెక్క చిన్నదే, బ్లేడు కోత వెడల్పుని పలక మందంతో భాగిస్తే వచ్చేది ఆ కోణం సైన్ విలువ. కోత అర మిల్లీమీటరు, పలక 6 మిల్లీమీటర్లు అయితే దాదాపు 4.8 డిగ్రీలు, అదే పలక 3 మిల్లీమీటర్లయితే 9.6. మందం సగమైతే కోణం రెట్టింపయింది చూశారా, అందుకే మందం చెప్పకుండా కోణం చెప్పడం శుద్ధ దండగ. ఇంకోటి, గీత చుట్టూ ఎటువైపు తిరుగుతున్నాం అన్నది కూడా చెప్పాలి, మొదలుపెట్టిన దిక్కు మధ్యలో మార్చకూడదు, మారిస్తే ముక్క పైకి బిగుసుకోవాల్సింది కిందకి జారిపోతుంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఆంద్రే షార్ల్ బూల్ అనే ఫర్నిచర్ పనివాడు తాబేటి చిప్ప పలకనీ ఇత్తడి రేకునీ కలిపి ఒకేసారి కోసి, చిప్పలో ఇత్తడి ఒక జత, ఇత్తడిలో చిప్ప ఒక జత, ఇలా ఒక్క కోతకి రెండు డిజైన్లు తీసేవాడు. అందులో వాలు ఉండదు, నిటారు కోతే. మరి పాతకాలం పద్ధతి కావాలనేవాడికీ సందు లేని ఇన్‌లే కావాలనేవాడికీ ఒకే జవాబు ఎలా సరిపోతుంది?

గిన్నెలు కోసేవాళ్ళు ఇంకో జాతి. వాళ్ళు ఒకే పలకలోంచి రింగులు ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తారు. 18 మిల్లీమీటర్ల పలకలో 9 మిల్లీమీటర్ల రింగు కావాలంటే టేబుల్ సుమారు 26 డిగ్రీల పైన వాల్చాలి, ఇన్‌లే వాడు వింటే గుండె ఆగుతుంది. కాంపౌండ్ కటింగ్ వాళ్ళకైతే టేబుల్ వాల్చే పనే లేదు, చదరపు కడ్డీకి రెండు పక్క ముఖాల మీద ప్యాటర్ను అతికించి, ఒక వైపు కోశాక తెగిన తుక్కుని పారేయకుండా మళ్ళీ టేపుతో కడ్డీకే చుట్టేసి, తిప్పి రెండో వైపు కోస్తారు. ఆ టేపు సంగతి ఎవరూ చెప్పకపోతే కొత్తవాడికి రెండో కోతలో ఆనించుకోడానికి ఆధారమే ఉండదు.

అందుకని నా సలహా, గ్రూపు లోపల నాలుగైదు గదులు చాలు. ఫ్రెట్‌వర్క్ (మొదట్లో చెప్పిన చిల్లులోంచి లోపల లోపలే కోసే జాలీ పని), ఇంటార్సియా సెగ్మెంటేషన్ పక్కపక్కన, ఇన్‌లే, కాంపౌండ్ కటింగ్, కావాలంటే పజిళ్ళు. ఇరవై గదులు పెట్టారో సగం ఖాళీగా పడుంటాయి, అప్పుడు అందరూ మళ్ళీ మొదటి గదిలోకే వచ్చి నెమళ్ళు పెడతారు. ఒక్కో గదికి ఆ పని రోజూ చేసే ఒక మనిషి బాధ్యుడుగా ఉండాలి, బాగా మాట్లాడేవాడు అక్కర్లేదు, ఓపిగ్గా జవాబు చెప్పేవాడు కావాలి.

ఇక ఫొటోలు ఆపమని నేనట్లేదు, ఫొటోతో పాటు నాలుగు వివరాలు రాస్తేనే ఉంచాలి అంటున్నాను. ఏ చెక్క ఎంత మందం, బ్లేడు నంబరూ పళ్ళ రకం, టేబుల్ వాలు, స్పీడు. అంతే. రివర్స్ టూత్ బ్లేడు (అడుగున కొన్ని పళ్ళు పైకి తిరిగి ఉండేది) వాడాను అని ఒక్క మాట రాస్తే చాలు, ప్లైవుడ్ అడుగున పీచు లేవకుండా ఎలా వచ్చిందో చూసేవాడికి అర్థమైపోతుంది. స్పైరల్ బ్లేడు (చుట్టూ పళ్ళు ఉండేలా మెలిపెట్టినది) అని రాస్తే చెక్క తిప్పకుండా ఎటైనా ఎలా కోశాడో తెలుస్తుంది, అంచులు ఎందుకు గరుగ్గా ఉన్నాయో కూడా తెలుస్తుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా కంగారుపడేది ఇంకోటుంది, బ్లేడు గీత మీద పోకుండా పక్కకి లాగుతోందని. మెషీను పాడైందనుకుంటారు. చాలా బ్లేడ్లకి తయారీలోనే ఒక పక్క అంచు కాస్త గరుగ్గా మిగులుతుంది, అందుకే ఆ పక్కకి లాగుతుంది, చెక్కని కొంచెం ఏటవాలుగా తోస్తే సరిపోతుంది. ఇలాంటివి ఒక్కసారి రాసి పైన పిన్ చేసి పెడితే రోజూ అడిగే పని ఉండదు.

ఇంకో పని చెయ్యొచ్చు, నెలకి ఒకే ప్యాటర్ను ఇచ్చి గదిలో అందర్నీ కోయమనడం, బాగా వచ్చినవీ విరిగినవీ రెండూ పెట్టమనడం. పోటీ అనొద్దు, బహుమతులు అసలే వద్దు, బహుమతి అనగానే విరిగిన ముక్కలన్నీ మంచం కిందకి పోతాయి. ఒకే గీతని రకరకాల చెక్కల మీద పక్కపక్కన చూస్తే, మేపుల్ ఎందుకు మాడింది, దాని మీద ప్యాకింగ్ టేపు వేసినవాడికి ఎందుకు మాడలేదు అన్నది చెప్పకుండానే తెలుస్తుంది.

రూల్సు ఎక్కువ వద్దు గానీ రెండు మాత్రం గట్టిగా ఉండాలి. ఒకటి దుమ్ము. ఈ మెషీను మిగతా రంపం మెషీన్లంతగా చేతులు తెగే రకం కాదు కాబట్టి అందరికీ ధీమా ఎక్కువ, కానీ ముఖం కోతకి దగ్గరగా పెట్టి గంటల తరబడి కూర్చునే పని ఇది, చెక్క దుమ్ము క్యాన్సర్ తెచ్చే వాటిలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి గ్రూపులో చేర్చింది. మాస్కు లేకుండా కోస్తున్న వీడియో పెడితే తీసేయాలి, ఎంత పెద్ద పనిమంతుడిదైనా సరే. రెండోది ప్యాటర్నులు. ఎవరో రోజుల తరబడి గీసి అమ్ముకునే ప్యాటర్ను ఒకరు కొని గ్రూపు మొత్తానికి పంచేస్తుంటారు, దానికి సాయం అని పేరు. అలా పంచితే గీసేవాళ్ళు గీయడం మానేస్తారు. సొంతంగా గీసినవీ, గీసినవాళ్ళు పంచుకోమని ఇచ్చినవీ మాత్రమే ఉండాలి.

మీ పేజీకి కూడా ఒక విన్నపం. ఎప్పుడైనా మీరు స్క్రోల్ సా ప్యాటర్ను అచ్చువేస్తే పక్కనే 50 మిల్లీమీటర్ల గీత ఒకటి వేయండి. ప్రింటరూ ఫోనూ సైజుని వాటి ఇష్టమొచ్చినట్టు మార్చేస్తాయి, ఆ గీతని స్కేలుతో కొలుచుకుంటే ప్యాటర్ను అసలు సైజులో వచ్చిందో లేదో కోయకముందే తెలిసిపోతుంది. దాని కిందే పలక మందం ఎంతుండాలో కూడా వేశారంటే మా ఇన్‌లే వాళ్ళు మీకు వేరేగా ఉత్తరం రాయరు.

ఇట్లు,
ఒక స్క్రోల్ సా పనివాడు