ఆమె వెళ్ళాక ఆ ఇల్లు

చిన్నీ,

నువ్వు రాస్తున్న కథలోంచి పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి అమ్మగా చదివాను కాబట్టి అది లెక్కలోకి రాదు. ప్రతి పేజీలోనూ నన్ను నేనే వెతుక్కున్నాను. రెండో అధ్యాయంలో ఆ తల్లి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఇల్లంతా కళ్ళజోడు కోసం వెతుకుతుంది చూడు, అక్కడ దొరికాను. రెండోసారి మాత్రం మామూలు పాఠకురాలిగా చదివాను. ఈ ఉత్తరం ఆ రెండో మనిషి రాస్తున్నది. మొదటావిడ మధ్యలో తల దూరిస్తే ఓర్చుకో.

ఇల్లు వదిలి పారిపోయే కథ పాతబడిపోయిందేమో అని అడిగావు. పాతదే, కానీ కథలు రాసేవాళ్ళకు దాని అవసరం ఇంకా తీరలేదు. చిన్నవాళ్ళు కథ నడపాలంటే పెద్దవాళ్ళు అడ్డు తొలగాలి. అందుకు రచయితల దగ్గర ఉన్నవి రెండే ఉపాయాలు. మొదటి పేజీ మొదలయ్యేలోపే తల్లిదండ్రులను చంపేయడం ఒకటి, పిల్లలను గడప దాటించడం ఇంకొకటి. మొదటిది సులువు. జనం మెచ్చిన నవలల్లో అంతమంది అనాథలు ఊరికే పుట్టలేదు. రెండోది కష్టం, ఎందుకంటే ఇల్లు వెనక అలాగే ఉంటుంది. అందులో మనుషులు ఉంటారు, వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోరు.

నువ్వు కష్టమైన దారి ఎంచుకున్నావు, సంతోషం. కానీ ఎంచుకున్నాక దాన్ని సులువు చేసుకున్నావు. ఆ తల్లి నోరు విప్పితే సాధింపే. మొదటి అధ్యాయం సగానికి వచ్చేసరికే నేను "పో తల్లీ, ఇంకా ఎందుకు ఆలస్యం" అనుకున్నాను. పాఠకులు అలా తొందరపడితే గడప దగ్గర ఆ అమ్మాయి ఆగినప్పుడు ఎవరి గుండే ఆగదు. ఇల్లు కొంచెం మంచిది కూడా అయి ఉండాలి. విడిచిపెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మన భాషలో ఈ ఒక్క పనికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా గమనించావా? సిద్ధార్థుడు నిద్రపోతున్న భార్యనూ పసిబిడ్డనూ వదిలి అర్ధరాత్రి వెళ్తే అది మహాభినిష్క్రమణం. ఒక కుర్రవాడు వెళ్తే పారిపోయాడు. అప్పులవాడైతే ఉడాయించాడు. పిరికివాడు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. (ఈ జాతీయం నాకు మహా ఇష్టం. బుద్ధి తలకు కాకుండా కాళ్ళకు చెప్పాలన్నది ఎవరికి తట్టిందో!) అదే ఆడపిల్ల అయితే, వెంట ఎవరూ లేకపోయినా సరే, లేచిపోయింది. 1927లో వచ్చిన చలం 'మైదానం'లో రాజేశ్వరి వకీలు భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళింది. ఆ నవల గురించి ఈనాటికీ ఎవరు మాట్లాడినా, ఆమె చేసిన పనికి వాళ్ళు వాడే క్రియను బట్టే మిగిలిన వ్యాసమంతా ఊహించవచ్చు.

నువ్వు ఒక పేజీలో "వెళ్ళిపోయింది" అంటావు, ఇంకో పేజీలో "పారిపోయింది" అంటావు. కథ చెప్తున్న గొంతు ఎవరిదో ఇంకా తేలలేదన్నమాట. పక్కింటివాళ్ళకు ఒక మాట ఇవ్వు, అమ్మాయికి ఒకటి ఇవ్వు. తల్లి మాత్రం ఆ క్రియ అసలు పలకదని నా అనుమానం. ఎవరైనా అడిగితే "ఇంట్లో లేదు" అంటుంది, అంతే.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఇలాంటి కథలు దాదాపు అన్నీ వెళ్ళినవాళ్ళ వెంటే నడుస్తాయి. దారి చూపిస్తాయి, చీకటి చూపిస్తాయి, కొత్త స్నేహాలు చూపిస్తాయి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో తలుపు సందులోంచి కూడా చూడనివ్వవు. చూడనిచ్చినవి నాకు గుర్తుండిపోయాయి. మార్క్ ట్వేన్ 1876లో అచ్చువేసిన 'టామ్ సాయర్'లో ముగ్గురు కుర్రాళ్ళు నది మధ్య దీవికి పారిపోతారు. మునిగిపోయారనుకుని ఊరంతా నది గాలిస్తుంది. ఒక రాత్రి టామ్ ఒంటరిగా నది దాటి వచ్చి, తనను పెంచుతున్న పాలీ పెద్దమ్మ మంచం కింద దూరి, తన కోసం ఆమె ఏడవడం వింటాడు. తాము బతికే ఉన్నామని ఒక చెట్టు బెరడు మీద రాసి తెచ్చాడు. ఆమె నిద్రపోయాక దాన్ని కొవ్వొత్తి పక్కన పెడతాడు కూడా. అంతలో వేరే ఆలోచన వస్తుంది. బెరడు తీసి జేబులో వేసుకుని, ఆమెను ముద్దుపెట్టుకుని మళ్ళీ దీవికి వెళ్ళిపోతాడు. తరవాత ముగ్గురూ తమ అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగా చర్చిలోకి నడిచి వస్తారు. అందరూ ఆ ఘట్టం చెప్పుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఆ బెరడే గుర్తు. చివరికి అది అతని కోటు జేబులో పెద్దమ్మ కంటబడుతుంది.

ఇల్లు వదిలేవాళ్ళకు లోకం చూడాలని ఉంటుందంటారు. నేను నమ్మను. వాళ్ళు చూడాలనుకునేది తాము లేని ఇంటిని. నాకు స్వానుభవం ఉంది. పదేళ్ళప్పుడు ఒక చీటీ రాసి బల్ల మీద పెట్టి, మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాను. కింద ఏడుపులు మొదలవుతాయని చెవులు రిక్కించుకుని రెండు గంటలు కూర్చున్నాను. ఫ్యాను గాలికి ఆ చీటీ బీరువా కిందికి పోయిందట. దిగి వస్తే "ఇంతసేపూ మేడ మీద ఏం చేస్తున్నావు" అని మాత్రం అడిగారు. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీ నాన్నకు చెప్పకు.

'పీటర్ పాన్' నువ్వు చిన్నప్పుడు చదివిందే. 1904లో నాటకంగా ఆడాక, 1911లో జె.ఎం. బారీ దాన్ని నవలగా రాశాడు. ఎప్పటికీ పెద్దవాడు కాని పీటర్ వెంట పిల్లలు ఎగిరిపోయాక వాళ్ళ తండ్రి పశ్చాత్తాపంతో కుక్క గూట్లో కాపురం పెడతాడు, ఆఫీసుకు కూడా అందులోనే వెళ్తాడు. తల్లి కిటికీ మూయనివ్వదు. పీటర్ ఎప్పుడో తన ఇంటికి తిరిగి వెళ్తే, కిటికీకి అడ్డుకమ్ములు ఉన్నాయి, అతని మంచంలో ఇంకో పిల్లవాడు పడుకుని ఉన్నాడు. నీకు ఏడేళ్ళప్పుడు ఆ భాగం దాటించి చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బస్సులో నీ అమ్మాయి పక్కన కూర్చున్న ముసలావిడ సంగతి. ఆవిడ కూడా కొడుకు ఇల్లు వదిలి వచ్చిందని రెండు వాక్యాల్లో చెప్పి, తరవాతి స్టాపులో దింపేశావు. ఎందుకు దింపావు? మూడు అధ్యాయాల్లో నాకు నిజమనిపించిన మనిషి ఆవిడే. ట్వేన్ 'టామ్ సాయర్'కు కొనసాగింపుగా 1884లో వచ్చిన 'హకల్‌బెరీ ఫిన్'లో అలా దింపలేదు. హక్ ఫిన్‌ను తాగుబోతు తండ్రి గుడిసెలో పెట్టి తాళం వేసి కొడతాడు. వాడు అడవిపందిని చంపి, దాని నెత్తురుతో తానే హత్యకు గురైనట్టు నమ్మించి పారిపోతాడు. దీవిలో జిమ్ ఎదురవుతాడు. యజమానురాలు తనను 800 డాలర్లకు అమ్మేయబోతోందని విని తప్పించుకున్న బానిస అతను. ఇద్దరిదీ ఒకటే తెప్ప, ఒకటే నది. పట్టుబడితే పిల్లవాడికి దెబ్బలు పడతాయి. జిమ్‌ను ఆలుబిడ్డలకు అందనంత దూరం అమ్మేస్తారు. పక్కన జిమ్ ఉన్నాడు కాబట్టే హక్ సాహసం ఎంత బరువో మనకు తెలుస్తుంది. నీ ముసలావిడ నీ అమ్మాయికి ఆ పని చేసిపెట్టగలదు. బస్సు ఎక్కడికి వెళ్తే అక్కడిదాకా ఉండనివ్వు.

నీ అమ్మాయి ఎటు వెళ్తోందన్నది కూడా నువ్వు ఇంకా తేల్చలేదు. టాగూర్ 'ఛుటి' (అంటే సెలవు) కథ (1892) తీసి మళ్ళీ చదువు. ఫటిక్ సంబరంగా మేనమామ వెంట కలకత్తా వెళ్తాడు. అక్కడ అత్తకు వాడు బరువు. ఇంటికెప్పుడు అంటే సెలవులు రానీ అంటారు. ఆఖరికి జ్వరంతో, వానలో పారిపోతాడు, అదీ అమ్మ దగ్గరికి. పోలీసులు తిరిగి తీసుకొచ్చాక అమ్మ వచ్చేసరికి వాడి సెలవు వచ్చేసింది. పారిపోవడం అంటే ఎప్పుడూ ఇంటి నుంచే అనుకునేదాన్ని, ఆ కథ చదివేదాకా.

నీ అమ్మాయిని వెనక్కి తీసుకురమ్మని నేను అనడం లేదు. అనను. రాకపోతే రాకపోనీ. కానీ మూడో అధ్యాయానికి ముందు ఒక్క పేజీ ఆ ఇంట్లో ఉండు. పొద్దున్నే ఆ తల్లి లేచి, లోపల వేసిన గడియ తీసి ఉండడం చూస్తుంది. మరుక్షణం ఏం చేస్తుంది? అరవకపోవచ్చు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉందో లేదో చూస్తుందేమో. నాకు తెలియదు, నీ కథ అది. కళ్ళజోడు మాత్రం నుదుటి మీదే ఉండనీ.

చివరగా ఒక చిల్లర విషయం. ఇ.ఎల్. కోనిగ్స్‌బర్గ్ 1967లో రాసిన పిల్లల నవలలో క్లాడియా ఇల్లు వదలాలనుకుంటుంది, కానీ అసౌకర్యం అంటే గిట్టదు. అందుకని అడవికి కాకుండా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెళ్తుంది. డబ్బు దాచుకున్న తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్తుంది. ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ స్నానం చేయాలి, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. నీ అమ్మాయి అర్ధరాత్రి వంటింటి తలుపు తీసుకుని వెళ్ళింది. సంచిలో ఏముందో రాశావు, జేబులో ఎంత ఉందో రాశావు. చెప్పులు వేసుకున్నట్టు ఎక్కడా రాయలేదు. మూడో అధ్యాయంలో కొండ ఎక్కిస్తున్నావు, చూసుకో.

నాలుగో అధ్యాయం అయిన వెంటనే పంపు.

అమ్మ