నోరు కట్టుకోమనడం తేలికే

సంపాదకులకు నమస్కారం.

బరువు గురించి, షుగర్ గురించి ఎవరు ఏం రాసినా చివరికి వచ్చి ఆగేది ఒకే మాట దగ్గర: నోరు కట్టుకోండి. మీ ఆరోగ్యం పేజీలోనూ అంతే. తప్పంతా తినేవాడిదే అన్నట్టు రాస్తారు గానీ ఆ తిండి తయారుచేసేవాడి ఊసు ఎవరూ ఎత్తరు, నాకు చిరాకు అక్కడే.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ఒక అధ్యయనం వెలువరించింది. 20 మందిని నెలపాటు అక్కడే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. వడ్డించినదాంట్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు దాదాపు సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు, రెండో రకం తిన్నప్పుడు అంతే తగ్గారు. 20 మందిని చూసి లోకానికంతటికీ తీర్పు చెప్పలేం, ఒప్పుకుంటాను. కానీ అదే మనిషి, అదే నోరు, కంచంలోది మారేసరికి ఇంత తేడానా?

మొన్న ఒక బిస్కెట్ ప్యాకెట్ వెనక ఏం రాశారో చదవబోయాను. చీమ తలకాయంత అక్షరాలు, కళ్లజోడు చాలక ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకోవాల్సి వచ్చింది. బరువులో ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలన్నది చాలా దేశాల్లో ఉన్న రూలే. ఇందులో మైదా మొదట, తర్వాత పంచదార, కొంత కింద ఇన్వర్ట్ సిరప్, ఇంకా కింద గ్లూకోజ్ సిరప్. మూడూ తీపే! మూడు పేర్లతో మూడు చోట్ల పెడితే ఏదీ మొదటి వరసకు రాదు, చదివేవాడికి మొత్తం ఎంతో తెలియదు.

ఇవేవీ ముట్టని వాళ్లకూ తప్పని నష్టం ఒకటుంది. కోళ్లనీ పందులనీ ఇరుకు షెడ్లలో వేలకొద్దీ కుక్కి పెంచేచోట త్వరగా బరువు పెరగాలని దాణాలో యాంటీబయాటిక్స్ కలుపుతూ వచ్చారు. అలా రోజూ మందు తగిలేచోట దానికి లొంగని బాక్టీరియా మిగిలి పెరుగుతాయి. కలిపినవాటిలో ఒకటైన కొలిస్టిన్, మనుషులకు ఇంకేదీ పనిచేయనప్పుడు డాక్టర్లు చివరగా వాడే మందు. దానికి లొంగని గుణాన్ని ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి సులువుగా పాకించే జన్యువు చైనాలో పందుల్లో, పచ్చి మాంసంలో, రోగుల్లో దొరికిందని 2015లో బయటపడింది. 2017లో అక్కడ బరువు కోసం కొలిస్టిన్‌ని దాణాలో కలపడం ఆపించారు. స్వీడన్ అయితే బరువు కోసం ఏ యాంటీబయాటిక్కూ కలపకూడదని 1986లోనే నిషేధించింది, యూరోపియన్ యూనియన్ మొత్తానికి ఆ పని పూర్తయ్యేసరికి 2006 వచ్చింది. ఈ ఇరవై ఏళ్ల లాభం ఎవరు తిన్నారో, మందు పనిచేయని జబ్బు ఎవరి మంచం దగ్గరికి వస్తుందో వేరే చెప్పాలా.

చవక తిండి లేకపోతే పేదవాళ్లు ఏం తింటారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, రెండు షిఫ్టులు చేసొచ్చిన మనిషికి వండుకునే ఓపిక ఎక్కడిది? అందుకే ఆ మనిషికి నీతులు చెప్పడం మాని తయారుచేసేవాణ్ణి పట్టుకోమంటున్నా. చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు దాటిన ప్యాకెట్ల ముందువైపే నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేయాలని చిలీ 2016లో రూల్ పెట్టింది, పిల్లలకు వాటి ప్రకటనలు చూపించడం, బడుల్లో అమ్మడం ఆపించింది. ఆ తర్వాత ముద్ర పడిన తీపి డ్రింకుల కొనుగోళ్లు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అక్కడి జనానికి రాత్రికి రాత్రే నిగ్రహం పుట్టుకొచ్చిందంటారా?

మీ ఆరోగ్యం పేజీలో ఈసారి ఆ ముద్ర గురించి రాయండి. పక్కన కూల్‌డ్రింక్ ప్రకటన లేని రోజు చూసుకుని.

ఇట్లు,
మీ పాఠకుడు